మా టెంపో ట్రావెలర్‌లో సోలార్, డైనమో ఛార్జింగ్ పెట్టుకున్న కథ (మధ్యలో ఒక డైనమో కాల్చుకున్నాం)

మా నాయన ఆర్టీసీ డ్రైవరు. తిరుమల ఘాట్‌లో ఎన్ని ట్రిప్పులు తోలాడో ఆయనకే లెక్క లేదు. రిటైరైనాక ఒంట్లో ఒక్కొక్కటీ బయటపడింది, అందులో పెద్దది స్లీప్ ఆప్నియా, అంటే నిద్రలో ఊపిరి ఆగి ఆగి వస్తుంది. రాత్రి పడుకోవాలంటే ముక్కుకి మాస్కు తగిలించుకుని సీప్యాప్ మెషిన్ (మాస్కులోంచి గాలి ఒత్తి పంపేది) ఆన్ చేసుకోవాల్సిందే. మెషిన్ లేకపోతే గురక పెడతాడు, గురకతో మాకేం ఇబ్బంది లేదు, గురక మధ్యలో టక్కున ఆగిపోతాది చూడండి, అప్పుడు ఇంట్లో అందరం లేచి కూర్చుంటాం.

2021 నవంబరులో తిరుపతి మునిగింది గుర్తుందా, రాయలచెరువు కట్ట తెగుతుందేమో అని అందరూ భయపడిన ఆ వారం, మా వీధిలో కరెంటు పోయింది, ఇంట్లో ఇన్వర్టర్ ట్యూబులర్ బ్యాటరీ (లెడ్ యాసిడ్ రకం) తెల్లారుజాముకే చేతులెత్తేసింది. ఆ రాత్రి అమ్మా నేనూ వంతులేసుకుని నాయన పక్కన కూర్చున్నాం. బ్యాటరీల గురించి నిజంగా చదవడం మొదలుపెట్టింది అప్పుడే. కరకంబాడిలో అంత పెద్ద బ్యాటరీ ఫ్యాక్టరీ ఉన్న ఊళ్ళో పుట్టి, చుట్టాల్లో సగం మంది ఆడ పనిచేస్తా ఉంటే, ఏహెచ్ (ఆంపియర్ అవర్, అంటే ఒక యాంప్ చొప్పున ఎన్ని గంటలు ఇస్తాదో ఆ లెక్క) అంటే ఏందో నాకు ముప్పై ఎనిమిదేళ్ళకి తెలిసింది.

బండి తర్వాత వచ్చింది. నాయనకి తిరగడం పిచ్చి, ఎక్కడికి పోయినా రాత్రికి ఇంటికి రావాల్సిందే అనేసరికి మనిషి నీరసపడిపోయినాడు. నెరబైలు పక్కన మా అక్కావాళ్ళకి మామిడితోట ఉంది, తలకోన పోయే దారిలో. ఆడ మోటారు కరెంటు పగలు తొమ్మిది గంటలు వస్తాది, రాత్రికి షెడ్డులో ఏమీ ఉండదు. తోటలో ఒక్క రాత్రి పడుకోవాలని ఆయన కోరిక. 2023లో సెకండ్ హ్యాండ్ టెంపో ట్రావెలర్ ఒకటి, బీఎస్ ఫోర్ బండి, తీసుకున్నా. వెనక సీట్లు తీసి రెండు మంచాలు, ఒక చిన్న వంట గట్టు. (సీట్ల లెక్క, బాడీ మారిస్తే ఊరికే వదలరు, మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కింద ఆర్టీఓ దగ్గర ఆర్సీలో ఎక్కించుకోవాలి, అది వేరే రామాయణం, ఇక్కడ చెప్పను.)

ముందు లెక్కేసుకున్నా, ఇది మాత్రం మంచి పని చేశా. 12 వోల్టుల చిన్న ఫ్రిజ్, ఎండాకాలంలో రోజుకి 40, 45 ఏహెచ్ తాగుతాది. తక్కువ కరెంటు తాగే 24 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యాన్లు రెండు, పది గంటలు తిరిగితే 38. లైట్లు, ఫోన్లు కలిపి ఒక పది. సీప్యాప్ మాత్రం నేను అనుకున్నంత తినదు, అందులో నీళ్ళు వేడిచేసే హ్యూమిడిఫయర్ ఆఫ్ చేస్తే రాత్రికి 15 లోపే, ఆన్ చేస్తే 40 దాకా పోతాది. తిరుపతి గాలికి హ్యూమిడిఫయర్ ఎందుకులే అని డాక్టర్ని అడిగే ఆపేశాం. మీరు కూడా అడగకుండా ఆపొద్దు. అన్నీ కలిపితే రోజుకి 110 ఏహెచ్ దగ్గర తేలింది.

ట్యూబులర్ అయితే సగానికి మించి వాడకూడదు, వాడితే బ్యాటరీ బిన్నా చస్తాది, అంటే 110 కావాలంటే 220 ఏహెచ్ పెట్టాలి, దాని బరువుకి ఇద్దరు మనుషులు కావాలి, పైగా ఛార్జింగ్‌లో గ్యాస్ వదులుతుంది, దాని పక్కనే నాయన పడుకోవాలి. అందుకని లిథియం ఐరన్ ఫాస్ఫేట్, ఎల్ఎఫ్‌పీ అంటారే, అది 200 ఏహెచ్ ఒకటి తీసుకున్నా. లోపల 3.2 వోల్టుల సెల్లులు నాలుగు వరసలో ఉంటాయి, అందుకే 12.8 అని రాస్తారు, 200 ఏహెచ్ అంటే రెండున్నర యూనిట్ల కరెంటు. 46 వేలు అయింది. అమ్మకి 46 అని చెప్పలేదు.

ఇంక ప్యానెళ్ళు. 330 వాట్లవి రెండు, ఇంటి మిద్దెల మీద పెట్టే మామూలువే, 24 వోల్టుల రకం అంటారు గానీ ఎండలో 38 వోల్టులు ఇస్తాయి, ఏ లోడూ లేకపోతే 46. ఒక్కోటి 22 కిలోలు. బండి టాప్ మీద అల్యూమినియం ఛానెల్ కొట్టించి, రేకుకి ప్యానెల్‌కి మధ్య నాలుగు వేళ్ళ సందు ఉంచి బిగించాం. ఈ సందు సంగతి కొట్టేవాడికి చెప్పడానికి నాకు అరగంట పట్టింది, "సార్ రేకుకి ఆనుకుంటే గట్టిగా ఉంటాది గదా" అంటాడు. గట్టిగానే ఉంటాది. మే నెలలో మనూళ్ళో 42 డిగ్రీల ఎండలో ప్యానెల్ 65 డిగ్రీలకి పోతాది, డబ్బా మీద రాసిన 330 వాట్లు 25 డిగ్రీల దగ్గర కొలిచిన లెక్క, ఆ పైన ప్రతి డిగ్రీకి నూటికి 0.35, 0.4 చొప్పున తగ్గిపోతా ఉంటాది, అంటే ఎండ బాగా కాసే టైములోనే ఒక పదిహేను శాతం గాలికి పోతాది. కింద గాలి ఆడకపోతే ఇంకా. ఏటవాలుగా పెట్టాలా అని చానామంది అడుగుతారు, తిరుపతి పదమూడున్నర డిగ్రీల అక్షాంశం మీద ఉంది, ఇక్కడ సూర్యుడు దాదాపు నెత్తిమీదే, పడుకోబెట్టినా పెద్ద నష్టం లేదు, బండికైతే అసలు వద్దు, గాలికి లేచిపోతాది.

రెండు ప్యానెళ్ళు సిరీస్‌లో (ఒకదాని వెనక ఒకటి) కలుపుదామా పారలల్‌లో (పక్కపక్కన) కలుపుదామా అని నాలో నేనే కొట్టుకున్నా. సిరీస్‌లో కలిపితే 92 వోల్టులు, కంట్రోలర్ (ప్యానెల్ కరెంటుని బ్యాటరీకి సరిచేసి ఇచ్చే డబ్బా) తట్టుకునేది 100. ఎనిమిది వోల్టులు ఉందిగా అనుకోవచ్చు. చలికి ప్యానెల్ వోల్టేజీ పెరుగుతాది. డిసెంబరులో హార్సిలీ హిల్స్ మీద తెల్లారి ఎండ పడంగానే అది 96 దాకా పోయే ఛాన్సుంది, 100 దాటితే కంట్రోలర్ కాలిపోతాది. పైగా సిరీస్‌లో ఒకదాని మీద చెట్టు నీడ పడితే రెండోది కూడా కుంటుతాది. పారలల్‌లో కలిపేశా.

ఇక్కడ మొదటిసారి మోసపోయా. కంట్రోలర్ ఒకటి ఆన్‌లైన్‌లో కొన్నా, మీద ఎంపీపీటీ అని పెద్ద అక్షరాలు, 60 యాంప్స్ అని, రేటు రెండు వేల లోపు. అప్పుడే అనుమానం రావాలి. బిగించి ఎండలో పెడితే బ్యాటరీకి 16 యాంప్స్ పోతోంది. 16 అంటే ఎక్కువే కదా అని రెండు వారాలు సంబరంగా ఉన్నా. తర్వాత ఒకరోజు లెక్కేస్తే 16 ఇంటూ 13.3, 213 వాట్లు. 660 వాట్ల ప్యానెళ్ళ నుంచి 213! మా కొలీగ్ దగ్గర డీసీ క్లాంప్ మీటరు (తీగ చుట్టూ పట్టిస్తే యాంప్స్ చూపించేది) ఉంటే అడిగి తెచ్చి ప్యానెల్ వైపు తీగ మీద పెట్టా, 16. బ్యాటరీ వైపు పెట్టా, 16. రెండువైపులా అంతే.

నిజమైన ఎంపీపీటీ ఏం చేస్తాదంటే ప్యానెల్‌ని దాని 38 వోల్టుల దగ్గరే ఉండనిచ్చి, ఆ ఎక్కువ వోల్టేజీని బ్యాటరీ వోల్టేజీకి దించి బదులుగా యాంప్స్ పెంచుతాది, అంటే బ్యాటరీ వైపు యాంప్స్ ఎక్కువ కనపడాలి. ఇది లోపల పీడబ్ల్యూఎం, అంటే ప్యానెల్‌ని తీసుకెళ్ళి నేరుగా బ్యాటరీకి తగిలించే స్విచ్చి. 38 వోల్టుల ప్యానెల్‌ని 13కి లాగేసి మిగతా 25 వోల్టులని పారబోస్తోంది. పాలవాడు నీళ్ళు కలిపితే తెలుస్తాది, వీడు పాలే పారబోసి నీళ్ళ రేటుకి అమ్మినాడు. వాపసు టైము దాటిపోయింది. మళ్ళీ 22 వేలు పెట్టి అసలుది, 100 వోల్టులు 50 యాంప్స్ ది, తెప్పించుకున్నా. బిగించిన రోజు మధ్యాహ్నం 34, 35 యాంప్స్. మేఘం లేని రోజు సాయంత్రానికి రెండుంబావు నుంచి రెండున్నర యూనిట్లు. ఇప్పటికీ కొత్తగా ఎవరు ఎంపీపీటీ కొన్నామన్నా, రెండు వైపులా క్లాంప్ మీటరు పెట్టి చూడమంటా.

సెట్టింగుల్లో కూడా ఒకటుంది. ట్యూబులర్ సెట్టింగ్ మీద వదిలేస్తే ఈక్వలైజ్ అని అప్పుడప్పుడూ 15 వోల్టుల పైకి కొడతాది, లిథియంకి అది విషం, లోపల బీఎంఎస్ (బ్యాటరీని కాపాడే సర్క్యూట్) టక్కుమని కట్ చేస్తాది. నేను 14.2కి ఛార్జింగ్, 13.5 ఫ్లోట్ (నిండినాక అట్లే పట్టి ఉంచేది), ఈక్వలైజ్ ఆఫ్, వేడిని బట్టి వోల్టేజీ మార్చే టెంపరేచర్ కాంపెన్సేషన్ ఆఫ్ పెట్టుకున్నా. 14.6 దాకా ఎక్కించొచ్చు గానీ ఆ చివరి రెండు శాతం కోసం సెల్లుల్ని ఏడిపించడం ఎందుకు.

సరే, అసలు కథ డైనమోది.

సోలార్ ఒక్కటీ చాలదు అని ముందే తెలుసు, ఎందుకంటే తలకోన వైపు అంతా చెట్లు, నీడలో ఆపుకుంటే ప్యానెల్ ఉన్నా లేనట్టే, ఎండలో ఆపుకుంటే బండి లోపల సంగటి ఉడుకుతాది. పైగా మనకి వాన నవంబరు డిసెంబరుల్లో, ఆ రోజుల్లో రెండున్నర యూనిట్లు కాదు కదా, అర యూనిట్ వస్తే గొప్ప. కాబట్టి బండి నడిచేటప్పుడు ఇంజన్ డైనమో నుంచి కూడా వెనక బ్యాటరీకి ఎక్కాలి.

ఒక మెకానిక్ దగ్గరికి పోయినా. ఎవరో ఏమిటో వద్దు, మనిషి మంచోడే, ఇరవై ఏళ్ళుగా బండి కరెంటు పనులు చేస్తున్నాడు. "ఏముంది సార్, ముందు బ్యాటరీ నుంచి వెనక బ్యాటరీకి కేబులు లాగి మధ్యలో రిలే పెడితే సరి, డైనమో తిరిగితే కలుస్తాది, ఆగితే విడిపోతాది, అంబులెన్సులకి ఇట్లే చేస్తాం" అన్నాడు. నిజమే, లెడ్ బ్యాటరీలకి అది పనిచేస్తాది కూడా. నేనేమో ఇంకో తెలివి చూపించా, కేబులు సన్నగా ఉంటే వోల్టేజీ పడిపోతాది అని చదివున్నా కదా, వెల్డింగ్ కేబులు 25 స్క్వేర్ ఎంఎంది వెయ్యమన్నా. వేశాడు. నల్లగా, బొటనవేలంత లావు, చూస్తేనే ధైర్యం వచ్చేటట్టు ఉంది.

మొదటిరోజు స్టార్ట్ చేసి క్లాంప్ పెడితే 80 యాంప్స్ పైన. డైనమో లేబుల్ మీద 90 అని ఉంది. నేను "అబ్బ, సోలార్ కంటే రెండింతలు" అని ఫొటో తీసి బావకి పంపించా.

ఆ శనివారం తోటకి బయల్దేరాం. నాయన, అమ్మ, నేను. వెనక బ్యాటరీ 30 శాతం మీద ఉంది, కావాలనే, దారిలో ఎంత ఎక్కుతుందో చూద్దామని. ఏసీ వేసుకున్నాం, మధ్యాహ్నం రెండు గంటల ఎండ. చంద్రగిరి దాటినాం, బాగానే ఉంది. బాకరాపేట ఘాట్ ఎక్కడం మొదలుపెట్టినాక సెకండ్ గేరులో లాగుతా ఉంటే నాయన రేడియో ఆపేశాడు.

"బెల్టు అరస్తా ఉండాది చూడు."

నాకేం వినపళ్ళేదు. ఘాట్ కదా నాయనా, ఇంజన్ సౌండులే అన్నా.

"నాకు చెప్తావా ఇంజన్ సౌండు. వార్నీషు కాలిన వాసన వస్తా ఉండాది. పక్కన ఆపప్పా, ఆపు."

ఆపేలోపే డాష్‌బోర్డులో బ్యాటరీ బొమ్మ ఎర్రగా వెలిగింది. బానెట్ ఎత్తితే డైనమో నుంచి సన్నగా పొగ. పైన పెయింటు ముట్టుకోలేం. అమ్మ ఏడుకొండలవాడిని పిలవడం మొదలుపెట్టింది, మలుపు దగ్గర ఆపినాం, వెనక లారీలు హారన్లు.

ఏం జరిగిందో నాకు తర్వాత అర్థమైంది. లెడ్ బ్యాటరీ ఛార్జి ఎక్కేకొద్దీ దానంతటది యాంప్స్ తగ్గించేసుకుంటాది, పావుగంటకి ముప్పై, ఇరవైకి వచ్చేస్తాది, డైనమో ఊపిరి పీల్చుకుంటాది. లిథియంకి లోపల అడ్డం దాదాపు ఉండదు, దాదాపు నిండేదాకా ఎంతిస్తే అంత తాగుతానే ఉంటాది. 90 యాంప్స్ డైనమో అంటే గంటలకొద్దీ 90 ఇస్తాదని కాదు, వేడెక్కితే అది ఇవ్వగలిగేది పడిపోతాది, పైగా ఇంజన్ నెమ్మదిగా తిరిగేటప్పుడు దాని ఫ్యాన్ కూడా నెమ్మదే, చల్లారదు. ఎండ, ఏసీ, ఘాట్, దాని మీద 80 యాంప్స్ గంటసేపు. నేను లావు కేబులు వేసి దారి కూడా సాఫు చేసిపెట్టా. సన్న తీగ వేసుంటే కనీసం ఆ తీగే కొంచెం అడ్డుపడేదేమో.

నాయన ఏం చేశాడో చెప్పాలి. బ్యాటరీ నెగటివ్ ఊడదీయించి, డైనమో వెనక నట్టు విప్పి, దాన్నుంచి ముందు బ్యాటరీకి పోయే కేబులు లగ్గు (తీగ చివర బిగించే రాగి కొస) పీకి, ఇన్సులేషన్ టేపు చుట్టి, దాని మీద సైకిల్ ట్యూబు ముక్క చుట్టి పక్కకి కట్టేశాడు. నెగటివ్ మళ్ళీ తగిలించాడు. నేను బెల్టు కూడా తీసేద్దామా అంటే, "బెల్టు తీస్తే వాటర్ పంపు ఆగిపోతాది, ఇంజన్ కూడా కాల్చుకుంటావా" అని ఒక చూపు చూశాడు. ఏసీ ఆఫ్. రిలే ఇంకా కలిసే ఉంది, కాబట్టి వెనక లిథియమే బండికి కరెంటు ఇస్తోంది. డైనమోని తినేసిన బ్యాటరీయే మమ్మల్ని తోట దాకా తీసుకుపోయింది. డీజిల్ బండి కాబట్టి నడవడానికి పెద్దగా ఏమీ అక్కర్లేదు. ఆ రాత్రి నాయన తోటలో మామిడిచెట్ల కింద పడుకున్నాడు, మెషిన్ తెల్లవార్లూ నడిచింది, నాకే నిద్ర పట్టలేదు. పొద్దున లేచి "ఆటోనగర్‌లో వైండింగ్ చేస్తార్లే, దానికేం" అన్నాడు.

వైండింగ్ నల్లగా అయిపోయింది, డయోడ్ ప్లేటు పోయింది. రెండూ కలిపి ఆరు వేల చిల్లర. కాలిన రాగి చుట్టని చేతిలో పెట్టి చూపించాడు ఆ షాపాయన.

ఆ రిలేతో ఇంకో తిరకాసు కూడా ఉండింది, ఇది అప్పటిదాకా గమనించలేదు. అది వోల్టేజీ చూసి పనిచేసే రకం, 13.3 దాటితే కలుస్తాది, 12.8 కిందికి వస్తే విడిపోతాది. లెడ్ బ్యాటరీ అయితే ఇంజన్ ఆపినాక 12.7కి దిగుతాది, విడిపోతాది. లిథియం ఊరికే కూర్చున్నా 13.2, 13.3 ఉంటాది. అంటే ఇంజన్ ఆపినా విడిపోదు, రాత్రంతా ముందు బ్యాటరీ, వెనక బ్యాటరీ చేతులు పట్టుకునే పడుకుంటాయి.

వీటన్నిటికీ మందు డీసీ టు డీసీ ఛార్జర్. ముందు వైపు ఎంత వస్తోందో దాన్ని తీసుకుని, వెనక బ్యాటరీకి సరైన వోల్టేజీ చేసి, 30 యాంప్స్ కి మించకుండా ఇస్తాది. ఇగ్నిషన్ నుంచి ఒక సన్న తీగ దానికి సిగ్నల్, కీ ఆన్‌లో ఉంటేనే పనిచేస్తాది. 30 ఇవ్వాలంటే డైనమో నుంచి ఒక 35 లాగుతాది, 90లో 35 అంటే దానికి నడుము నొప్పి రాదు. రెండు గంటలు తోలితే 60 ఏహెచ్, రోజు ఖర్చులో సగం పైన. కొత్తగా బీఎస్ సిక్స్ బండి మీద చేద్దామనుకునేవాళ్ళకి ఒక మాట, చాలా కొత్త బండ్లలో కంప్యూటరే డైనమో వోల్టేజీని పైకీ కిందికీ ఆడిస్తాది, డీజిల్ మిగలడానికి, ఒక్కోసారి పన్నెండున్నరకి కూడా దించేస్తాది, అట్లాంటి వాటికి రిలే అసలు పనికిరాదు, డీసీ టు డీసీ ఒక్కటే దారి.

నడుస్తా ఉండగా బీఎంఎస్ కట్ అయితే డైరెక్ట్ కనెక్షన్‌లో ఇంకో ప్రమాదముంది, అంత యాంప్స్ ఒక్కసారిగా పోయే దారి లేక వోల్టేజీ ఎగిరి డయోడ్లు కొట్టేస్తాది. ఛార్జర్ మధ్యలో ఉంటే ఆ దెబ్బ డైనమో దాకా రాదు.

వైరింగ్ ఈసారి నేనే చేశా, మా వీధిలో ఐటీఐ చదివే పిల్లోణ్ణి పక్కన పెట్టుకుని. బానెట్ నుంచి వెనక దాకా ఆరు మీటర్లు, పోనూ రానూ పన్నెండు. 6 స్క్వేర్ వేస్తే 33 యాంప్స్ కి 1.15 వోల్టులు దార్లోనే పోతాది, 16 స్క్వేర్ వేస్తే 0.43. 16 వేశాం. ఫ్యూజులు రెండు చివర్లా, బ్యాటరీ పాజిటివ్‌కి జానెడు దూరం లోపే. ఒక్క చివర పెడితే చాలు అనుకోవద్దు, ఆ తీగకి రెండు వైపులా బ్యాటరీ ఉంది, మధ్యలో రేకు కోసుకుని షార్టయితే రెండు వైపుల నుంచీ తగలబెడతాది. రేకు తొలిచిన ప్రతి చోటా తీగ కోసుకోకుండా రబ్బరు గ్రోమెట్.

నెగటివ్‌కి మాత్రం రెండు రోజులు తిప్పలు పడ్డాం. ముందు బాడీ ఎర్త్ మీదే నడిపిద్దామనుకున్నా, వేరే తీగ ఎందుకు దండగ అని. ఛార్జర్ ఉన్నట్టుండి ఆగిపోతోంది, వోల్టేజీ తక్కువ అని చూపిస్తోంది. పాజిటివ్ అంతా చూశాం, బాగుంది. ఆఖరికి ఆ పిల్లోడు మల్టీమీటరు ఒక పుల్ల బ్యాటరీ నెగటివ్ మీద, ఇంకోటి బాడీ బోల్టు మీద పెట్టి "అన్నా, ఇక్కడే 0.4 చూపిస్తోంది" అన్నాడు. బోల్టు విప్పితే లగ్గు కింద ఫ్యాక్టరీ పెయింటు అట్లే ఉంది, దాని కింద తుప్పు. ఉప్పుకాగితంతో తెల్లగా గీకి, స్టార్ వాషర్ వేసి బిగిస్తే సున్నా దగ్గరికి వచ్చింది. తర్వాత మనసొప్పక నెగటివ్‌కి కూడా వేరే కేబులు లాగేశా అనుకోండి.

లగ్గులు కూడా. మొదట్లో సుత్తితో కొట్టి బిగించా, యూట్యూబులో ఎవరో చూపించారు. చూడ్డానికి బాగానే ఉన్నాయి. ఇన్వర్టర్ పెట్టినాక అమ్మ మిక్సీలో ఊరిబిండి రుబ్బుతానంటే సరే టెస్టింగ్ అయిపోతాది అని వేయమన్నా, మిక్సీ 750 వాట్లు, 12 వోల్టుల దగ్గర అది 65, 70 యాంప్స్. రెండు నిమిషాలకి లగ్గు మీద వేలు పెడితే కాలింది. అమ్మ బిండి బాగా వచ్చిందంటోంది, నేను వేలు నోట్లో పెట్టుకుని ఉన్నా. హైడ్రాలిక్ క్రింపింగ్ టూల్ అద్దెకి తెచ్చి అన్నీ తీసేసి మళ్ళా నొక్కాం. ఇప్పుడు మిక్సీ తిరిగినా చల్లగా ఉంటాయి. ఇండక్షన్ స్టవ్ మాత్రం అడగొద్దని అమ్మకి ముందే చెప్పేశా, దాని 2000 వాట్లకి ఈ బ్యాటరీ, ఈ తీగలు చాలవు, చిన్న గ్యాస్ సిలిండర్ ఉంది, బ్యాటరీకి దూరంగా, వెనక తలుపు దగ్గర.

ఇంకో తప్పు, చిన్నదే గానీ భయపెట్టింది. ప్యానెళ్ళకి స్విచ్చి కావాలని ఇంటి మెయిన్ బోర్డులో వాడే మామూలు ఎంసీబీ పెట్టా. ఒకరోజు మధ్యాహ్నం ఎండలో దాన్ని దించితే లోపల స్స్స్ మని సౌండు, కాలిన వాసన. ఏసీ కరెంటు సెకనుకి వందసార్లు సున్నాకి వచ్చి పోతాది కాబట్టి నిప్పురవ్వ దానంతటదే ఆరిపోతాది, డీసీకి ఆ సున్నా లేదు, రవ్వ పట్టుకుని అట్లే మండుతాది. డీసీ ఎంసీబీ అని విడిగా దొరుకుతాయి, మీద ప్లస్ మైనస్ ఉంటాయి, అది తిరగేసి పెట్టినా పనిచెయ్యదు. ఇంటి మిద్దె సోలార్ వాళ్ళకి కూడా ఇది వర్తిస్తాది, ఒకసారి మీది చూసుకోండి.

ఎండాకాలం ఇంకొకటి బయటపడింది. బ్యాటరీని వెనక మంచం కింద ప్లైవుడ్ పెట్టెలో పెట్టా, నీట్‌గా ఉందని. మేలో బండి ఎండలో పెడితే పెట్టె లోపల 52 డిగ్రీలు. ఇంకొంచెం పోతే బీఎంఎస్ ఛార్జింగ్ ఆపేస్తాది, ఆపకపోయినా ఆ వేడిలో సెల్లుల ఆయుష్షు తరిగిపోతాది. పెట్టెకి రెండు వైపులా కన్నాలు కొట్టి పాత కంప్యూటర్ ఫ్యాన్ ఒకటి పెట్టా, 12 వోల్టులదే, డైరెక్టుగా సరిపోయింది. నాయన మెషిన్ సౌండు కంటే ఆ ఫ్యాన్ సౌండే ఎక్కువ, అది ఇంకా మార్చాలి.

మొత్తం ఖర్చు, కాల్చుకున్నవి పారేసినవి కూడా కలిపితే, లక్షా ముప్పై వేల దాకా తేలింది. జాగ్రత్తగా చేసినవాళ్ళకి లక్షా పదికి అయిపోతాది.

పోయిన నవంబరులో వానల్లోనే మళ్ళీ తోటకి పోయినాం, కావాలనే. మూడు రోజులు ముసురు, ప్యానెళ్ళ నుంచి రోజుకి 30 ఏహెచ్ కూడా రాలేదు. ఫ్రిజ్ ఆపేశాం, చలికి ఫ్యాన్లు ఎటూ అక్కర్లేదు. రెండో రోజు సాయంత్రం పాలు, కూరగాయలు అని బాకరాపేట దాకా పోయి వచ్చినాం, ఆ తిరుగుడులో ఎక్కింది ఎక్కింది. ఘాట్ దగ్గరికి రాంగానే నాయన చెయ్యి తనంతట తానే రేడియో మీదికి పోయింది, సౌండు తగ్గించి ఒక నిమిషం విన్నాడు, మళ్ళా పెంచాడు. మూడో రోజు తెల్లారి మాస్కు తీయంగానే అడిగిన మొదటి మాట "మీటరెంత?" అని. 58 శాతం అని చెప్పా. "ఇంకో రాత్రి ఉండొచ్చు గదా అయితే."

ఉన్నాం.

ఆ దొంగ ఎంపీపీటీని పారెయ్యలేదు. 12 వోల్టుల చిన్న ప్యానెల్‌కి పీడబ్ల్యూఎం అయితే సరిపోతాది, పెద్దగా పారబోసేది ఏమీ ఉండదు. ఇంట్లో మూలనున్న పాత ట్యూబులర్‌కి డిస్టిల్డ్ వాటర్ పోసి, 75 వాట్ల ప్యానెల్ ఒకటి కొని, మూడూ కలిపి తోట షెడ్డులో బిగించి వచ్చినాం. రెండు లైట్లు, ఒక ఫోన్ ఛార్జింగ్. కాపలా ఉండే తాత రాత్రి పాముల భయం పోయిందంటున్నాడు. డబ్బా మీద ఎంపీపీటీ అని రాసింది మాత్రం అమ్మ వేలిగోరుతో గీకేసింది.